తక్‌పట్టీ నుంచి రెజ్యూమే దాకా: హనుమకొండలో ఒక క్లాసు డైరీ

నవంబర్ 10

ఇవాళ మొదలైంది. సోమ, బుధ, శుక్రవారాలు, కాలేజీ అయ్యాక సాయంత్రం పావు తక్కువ నాలుగు నుంచి ఐదు దాకా. ఐదు దాటితే పరకాల, నర్సంపేట వైపు పోయే ఆడపిల్లలకు బస్సు ఇబ్బంది, అందుకే అక్కడికి ఆపాలని ముందే అనుకున్నాను. పేర్లు ఇచ్చింది 24 మంది, వచ్చింది 17 మంది. మిగతావాళ్లు పత్తి ఏరడానికి పోయారని తెలిసింది. నవంబర్‌లో మా కాలేజీ హాజరు ఇట్లాగే ఉంటుంది.

ఈ పని ఎందుకు పెట్టుకున్నానో ఒకసారి రాసిపెట్టుకోవాలి. పధ్నాలుగేళ్లుగా కామర్స్ చెబుతున్నాను. పోయిన ఏడాది మా ఫైనలియర్ పిల్లల్లో ట్యాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ బాగా వచ్చినవాళ్లు, జీఎస్టీ ఎంట్రీలు కళ్లు మూసుకుని వేసేవాళ్లు ఒక ఉద్యోగాల ఎంపిక డ్రైవ్‌కు వెళ్లి "మీ గురించి చెప్పండి" అన్న మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయి వచ్చారు. పని రాక కాదు, పని వచ్చని చెప్పడం రాక. ఆ రోజు వాళ్లు తిరిగొచ్చి స్టాఫ్‌రూమ్ బయట నిలబడ్డ తీరు నాకు ఇంకా గుర్తుంది. మూడేళ్లు మా దగ్గర చదివిన పిల్లలకు మేం ఈ ఒక్కటీ నేర్పలేదు.

మొదటి రోజు పాఠం ఏమీ చెప్పలేదు. ఉన్న రెజ్యూమేలు తెమ్మన్నాను. పదకొండు వచ్చాయి. పదకొండూ కాలేజీ దగ్గరి నెట్ సెంటర్‌లో చేయించుకున్నవే. పేరు, మార్కులు మార్చి ఇస్తారు. అన్నిటికీ ఒకటే ఆబ్జెక్టివ్, ఒకటే హాబీలు: పాటలు వినడం, క్రికెట్ ఆడటం. ఒక అమ్మాయి రెజ్యూమేలో కూడా క్రికెటే. ఒక పిల్లగాడి కాగితం చివర డిక్లరేషన్ కింద "ప్లేస్: గుంటూరు" అని ఉంది. వాళ్లది ములుగు జిల్లా తాడ్వాయి దగ్గర ఊరు. వాడు గుంటూరు ఎన్నడూ చూడలేదు. "చూసుకోలేదా నాన్నా?" అంటే, "ఇంగ్లిష్‌ల ఉంటే కరెక్టే ఉంటదనుకున్న మేడం" అన్నాడు.

ఈ మాట బోర్డు మీద రాయలేదు గానీ, నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇంగ్లిష్‌లో ఉంటే సరిగ్గానే ఉంటుందన్న నమ్మకంతోనే మన పిల్లలు తమది కాని కాగితం మీద సంతకం పెడుతున్నారు.

నవంబర్ 12

పాత రెజ్యూమేలన్నీ పక్కన పెట్టించాను. తెల్లకాగితం ఇచ్చి, "నువ్వు చేసిన ఒక పని, తెలుగులో, ఎట్లా మాట్లాడతావో అట్లాగే రాయి" అన్నాను. పని అంటే ఉద్యోగమే కానక్కర్లేదు, ఇంటి పని, పొలం పని, పెళ్లిలో చేసిన పని ఏదైనా సరే అన్నాను. పావుగంట ఎవరి పెన్నూ కదలలేదు. వాళ్ల దృష్టిలో వాళ్లు ఏ పనీ చేయలేదు.

వర్ధన్నపేట వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒకతి ఖాళీ కాగితమే ఇచ్చింది. "నేనేం చేసిన మేడం, ఇంటికాడ ఉంట, కాలేజీకి వస్త, గంతే" అంది. పత్తి ఎవరు అమ్ముతారని అడిగాను. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాను:

"మా వాడల పది ఇండ్లోళ్లం కలిసి ఒకటే డీసీఎంల ఎనుమాములకు ఏసుకపోతం మేడం. ఆడ కాంటా అయ్యేటప్పుడు ఎవల బస్తాలు ఎవలియో కలిసిపోతయ్. ముందటేడు పెద్ద లొల్లయింది. మా బాపుకు, మా పెద్దబాపుకు మాటల్లేవు. పోయినేడు నేను బస్తాల మీద స్కెచ్ పెన్నుతోని నంబర్లు ఏసిన. ఎవలియి ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకనో నోట్‌బుక్కుల రాసిన. తక్‌పట్టీ వచ్చినంక దాంతోని సూసి పైసలు పంచిన. ఎవలు ఏమనలే."

ఎనుమాముల అంటే వరంగల్ వ్యవసాయ మార్కెట్. తక్‌పట్టీ అంటే అక్కడ తూకం, ధర, రావలసిన డబ్బు రాసి ఇచ్చే చీటీ. ఆ నోట్‌బుక్ ఉందా అంటే, ఉందంది. ఎల్లుండి తెమ్మన్నాను.

ఇంతకంటే మంచి ఇంటర్వ్యూ జవాబు నేను వినలేదు. సమస్య ఉంది, దానివల్ల జరిగిన నష్టం ఉంది, ఆమె చేసిన పని ఉంది, ఫలితం ఉంది. సందర్భం, బాధ్యత, చేసిన పని, ఫలితం అని నాలుగు మెట్లుగా జవాబు చెప్పడాన్ని ట్రైనర్లు స్టార్ పద్ధతి అంటారు. ఈ పిల్లకు ఆ పేరు తెలియదు, కానీ మాట్లాడితే ఆ వరసలోనే వచ్చింది. బోర్డు మీద ఆమె మాటల్నే నాలుగు ముక్కలుగా విడగొట్టి రాశాను. తర్వాత అందరం కలిసి ఇంగ్లిష్‌లోకి దించాం. పెద్ద మాటలేవీ పడలేదు. "ఐ నంబర్డ్ ఎవ్రీ బ్యాగ్ అండ్ కెప్ట్ ద అకౌంట్ ఫర్ టెన్ ఫ్యామిలీస్." ఆమె రెజ్యూమేలో "హార్డ్ వర్కింగ్" అన్న మాట తీసేసి ఈ వాక్యం పెట్టాం.

ఇక ఈ బ్యాచ్‌కు పద్ధతి ఇదే. ముందు తెలుగులో చెప్పాలి, తెలుగులోనే కోసి చిన్నది చేయాలి, ఆ తర్వాతే ఇంగ్లిష్.

నవంబర్ 14

నోట్‌బుక్ వచ్చింది. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్, అట్టకు పత్తి పోగులు అంటుకుని ఉన్నాయి. ఎడమ గడిలో ఇంటిపేర్లు, పక్కన బస్తా నంబర్లు, ఆ పక్కన కిలోలు, చివర తేమ శాతం. తేమ ఎందుకు రాశావంటే, సీసీఐ (కాటన్ కార్పొరేషన్) వాళ్లు 8 శాతం దాకా పూర్తి ధర ఇస్తారని, అది దాటితే శాతానికింత అని కోస్తారని, 12 దాటితే అసలు కొనరని చెప్పింది. అందరి పత్తికీ ఒకటే సగటు ధర కడితే ఆరబెట్టుకుని తెచ్చినవాళ్లు నష్టపోతారట. అకౌంట్స్‌లో నేను ఒక సెమిస్టర్ అంతా చెప్పే కాస్ట్ కేటాయింపు అంటే ఇదే కదా. క్లాసులో నోట్‌బుక్‌ను చేతులు మారుస్తూ అందరికీ చూపించాను. ఆ తర్వాతే మిగతావాళ్ల పెన్నులు కదిలాయి.

నర్సంపేట పిల్లగాడు విత్తనాల దుకాణంలో రెండు వానకాలాలు కూర్చున్నాడు. మొలక రాలేదని గొడవకు వచ్చిన రైతును కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, బిల్లు, లాట్ నంబరు చూసి ఓనరుతో మాట్లాడించాడు. "కోపంగా ఉన్న కస్టమర్‌తో ఎలా మాట్లాడతారు?" అన్న ప్రశ్నకు వాడి దగ్గర నిజమైన జవాబు ఉంది. ఇంకో అమ్మాయి వాళ్లక్క పెళ్లికి వంటవాళ్లకు సామాను లిస్టు తనే రాసింది.

ఒక సహోద్యోగి అభ్యంతరం చెప్పారు, ఇంగ్లిష్ కోసం పెట్టిన క్లాసులో ఇంత తెలుగు ఎందుకని. కాళోజీ తిరిగిన ఊరు ఇది. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటాం, దండలు వేస్తాం. మరి ఆ పిల్ల యాస క్లాసు గదిలోకి వస్తే ఉలిక్కిపడటం దేనికి? ఆలోచన ఆ భాషలోనే ఉంది. అక్కడ తవ్వకపోతే ఇంగ్లిష్‌లోకి తేవడానికి ఏముంటుంది?

నవంబర్ 19

ఈమెయిల్ పాఠం. ముందు మెయిల్ ఐడీలు మార్పించాను. పేరు, ఇంటిపేరు తప్ప ఇంకేమీ ఉండొద్దన్నాను. సినిమా హీరోల పేర్లున్న ఐడీలు ఆరు పోయాయి. ఫైలు పేరు కూడా అంతే: "న్యూ రెజ్యూమే ఫైనల్ 2" అని పంపితే అవతలివాళ్ల కంప్యూటర్‌లో అది ఎవరిదో ఎలా తెలుస్తుంది? పేరు, కోర్సు ఉంటే చాలు. అటాచ్‌మెంట్ ముందు పెట్టి, విషయం రాసి, ఎవరికి పంపాలన్న గడి అన్నిటికంటే చివర నింపాలి. అప్పుడు సగం రాసిన మెయిల్ పొరపాటున వెళ్లే ప్రమాదం ఉండదు.

అసలు విషయం వేరే చోట తేలింది. ఒక అమ్మాయి "సెండ్ మీ ద జాబ్ డీటెయిల్స్" అని రాసింది. ఇది ఆర్డర్ వేసినట్టుంది కదమ్మా అంటే నొచ్చుకుంది. "నేను మర్యాదగనే రాసిన మేడం" అంది. మనసులో ఏమనుకుని రాశావని అడిగితే, "ఉద్యోగ వివరాలు పంపించండి" అనుకున్నదట.

అక్కడ ఒక్క నిమిషం ఆగిపోయాను. ఆమె నిజంగా మర్యాదగానే రాసింది. తెలుగులో మర్యాద క్రియ చివర "అండి"లో ఉంటుంది. ఇంగ్లిష్ క్రియకు ఆ తోక లేదు. దించేటప్పుడు "అండి" జారిపోయి "పంపు" మాత్రమే మిగిలింది. మన పిల్లల మెయిళ్లు చూసి పొగరనుకునేవాళ్లు చాలామంది ఉంటారు, కానీ అక్కడ పొగరు లేదు. ఇంగ్లిష్‌లో ఆ మర్యాద వాక్యం మొదట్లో రావాలి: "కుడ్ యూ ప్లీజ్" అనో "ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్" అనో. బోర్డుకు ఎడమవైపు "అండి" వాక్యాలు, కుడివైపు అవే ఇంగ్లిష్‌లో రాయించాను. ఇరవై జతలు. ఈ ఒక్క రోజు పాఠం వాళ్లకు ఏళ్లపాటు పనికొస్తుంది.

ఇట్లాంటిదే ఇంకొకటి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, మన కథలోనూ అసలు సంగతి చివరే వస్తుంది. ఎందుకు ఆలస్యమైందంటే బస్సు, వాన, గేటు, ట్రాఫిక్ అన్నీ చెప్పి అప్పుడు "అందుకే లేటయింది" అంటాం. ఇంటర్వ్యూలో అడిగేవాళ్లకు అంత ఓపిక ఉండదు. జవాబు ముందు, కారణం వెనక. దీనికి రోజూ పది నిమిషాలు సాధన పెట్టాను.

నవంబర్ 26

నా తప్పు ఒకటి ఇక్కడ రాయాలి. తొందరలో పోయిన వారం స్వపరిచయం అందరితో రాయించి, దిద్ది, కంఠతా పట్టించాను. ఇవాళ మా పాత విద్యార్థి ఒకరు వచ్చారు. మడికొండ ఐటీ పార్కులో పనిచేస్తారు. ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడారు. జనగామ అమ్మాయి చక్కగా అందుకుంది. మూడో వాక్యం దగ్గర ఆయన మామూలుగా, "జనగామలో ఎక్కడ?" అని అడిగారు. అమ్మాయి ఆగింది. జవాబు చెప్పలేదు. మళ్లీ "గుడ్ ఈవినింగ్ సర్" దగ్గర నుంచి మొదలుపెట్టింది. ఆయన రెండోసారి ఏదో అడిగారు, ఆమె మళ్లీ మొదటికొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

తప్పు ఆ పిల్లది కాదు, నాది. ఎక్కాలు అప్పజెప్పించినట్టు అప్పజెప్పించాను. సాయంత్రం ఆమెతో కూర్చుని నాలుగు మాటలే కాగితం మీద రాయించాను: ఊరు, చదువు, చేసిన పని, కావలసిన పని. వాక్యాలు లేవు. ఏ వరసలోనైనా చెప్పొచ్చు, మధ్యలో ఎవరైనా ఆపొచ్చు. నేను కావాలని ఆపుతూనే ఉన్నాను, ఆరోసారికి నవ్వుతూ జవాబిచ్చింది. కంఠతా పట్టిన కాగితాలు అందరి దగ్గరా వెనక్కి తీసుకున్నాను.

డిసెంబర్ 3

ఫోన్ పాఠం. నేను స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని ఫోన్ చేస్తాను, వాళ్లు కాలేజీలో ఎక్కడైనా ఉండొచ్చు, ఏ నిమిషంలో చేస్తానో చెప్పను. మొదటి తొమ్మిది కాల్స్‌లో ఏడుగురు ఎత్తగానే "ఆఁ, ఎవరూ?" అన్నారు. ఒకడు క్యాంటీన్‌లో సమోసా నములుతూ మాట్లాడాడు. కొత్త నంబరని ఇద్దరు ఎత్తనే లేదు.

రెండు వాక్యాలు నేర్పాను. ఒకటి, ఎత్తగానే పేరు చెప్పడం. రెండోది అన్నిటికంటే విలువైనది: "నేనిప్పుడు బస్సులో ఉన్నాను, సరిగ్గా వినపడటం లేదు. మీకు వీలైతే అరగంట తర్వాత నేనే చేయనా?" ఇది అడగొచ్చని వాళ్లెవరికీ తెలియదు. పెద్దవాళ్లు ఫోన్ చేస్తే ఎట్లా ఉన్నా మాట్లాడాల్సిందే అనుకుంటారు. వేళ మార్చమని అడగడం మర్యాద తప్పడం కాదని ఒప్పించడానికే ఇరవై నిమిషాలు పట్టింది. తాడ్వాయి పిల్లగాడు అప్పటికీ నమ్మలేదు: "కోపం రాదా మేడం వాళ్లకు?"

డిసెంబర్ 8

ఉచ్చారణ. యాస మార్చుకోవద్దు, వినేవాళ్లకు మాట అర్థమైతే చాలు. రెండు శబ్దాలే పట్టుకున్నాం. "జీరో" అన్నప్పుడు మనకు "జీవితం"లోని జ వస్తుంది. మన తెలుగులోనే ఇంకో జ ఉంది: "జడ" అనండి, నాలుక పళ్ల దగ్గరికి పోతుంది. ఆ చోటే నాలుకను తాకీ తాకకుండా ఉంచి తుమ్మెదలా మోగిస్తే కావలసిన శబ్దం వస్తుంది. ఇక "వర్క్" అనేటప్పుడు పెదవులు సున్నాలా చుట్టాలి, "వెరీ" అనేటప్పుడు పై పళ్లు కింది పెదవికి తగలాలి. మనకున్నది ఒకటే వ. గదిలో అరగంట తుమ్మెదల మోత.

డిసెంబర్ 19

సర్పంచ్ ఎన్నికలతో రెండు వారాలు క్లాసు సగం ఖాళీ. ఇవాళ అందరూ వచ్చారు, కానీ పాఠం చెప్పలేకపోయాను.

ఒక పిల్లగాడికి వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ వచ్చింది. లోగో ఉంది, సంతకం ఉంది, జీతం 28,000. ట్రైనింగ్ డిపాజిట్ 3,500 కట్టాలి, తర్వాత తిరిగిస్తామన్నారు. కట్టేశాడు. మళ్లీ 6,000 అడిగితే అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. మొదటి డబ్బు వాళ్లమ్మ సంఘంలో తీసుకున్న అప్పట. వెంటనే 1930కి ఫోన్ చేయించాను. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. వీడు ఆరు రోజులు ఆలస్యం చేశాడు. ఫిర్యాదు నమోదైంది. డబ్బు వస్తుందో రాదో.

ఆ లెటర్‌నే అందరికీ చూపించి గంటసేపు చదివించాను. ఇంటర్వ్యూ లేకుండా ఆఫర్. కంపెనీ పేరుతో కాకుండా మామూలు జీమెయిల్ నుంచి ఉత్తరం. ఇవాళ సాయంత్రంలోగా కట్టాలన్న తొందర. నిజమైన ఉద్యోగం ఇచ్చేవాళ్లు జీతం ఇస్తారు, డబ్బు అడగరు. డబ్బు అడిగితే అక్కడే ఆగాలి. ఇది మొదటి వారంలో చెప్పాల్సిన పాఠం. ఆరో వారం దాకా ఆగినందుకు బాధగా ఉంది.

జనవరి 7

మాక్ ఇంటర్వ్యూలు. బ్యాక్‌లాగ్, అంటే తప్పిన సబ్జెక్టు గురించి అడిగితే ఏం చెప్పాలని చర్చ. దాచొద్దు, ఎందుకు పోయిందో ఒక్క వాక్యం, ఎప్పుడు రాసి పాసయ్యారో ఇంకో వాక్యం, అక్కడితో ఆపాలి. రెండేళ్లు చదువు మానేసి తండ్రి ఆసుపత్రి చుట్టూ తిరిగిన పిల్లగాడు ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడ్డాడు. అది సిగ్గుపడే విషయం కాదని చెప్పాను. నా గొంతు కొంచెం బొంగురుపోయింది.

తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పడం కూడా సాధన చేశాం. "తెలియదండీ, కానీ నేర్చుకుంటాను" అనడం ఒక జవాబు. మౌనం జవాబు కాదు.

జనవరి 21

సంక్రాంతి సెలవుల తర్వాత నిన్న హనుమకొండలోనే ఒక డ్రైవ్ జరిగింది. మావాళ్లు 13 మంది వెళ్లారు. నలుగురు రెండో రౌండ్‌కు వెళ్లారు, ఇద్దరికి ఆఫర్ వచ్చింది. ఇంకా రావాలని నాకుంది, కానీ పోయిన ఏడాది మొదటి ప్రశ్న దాటినవాళ్లే లేరు.

వర్ధన్నపేట అమ్మాయి ఆ ఇద్దరిలో ఒకతి. బ్యాక్ ఆఫీస్ అకౌంట్స్ పని. లోపల ఏం జరిగిందో మెట్ల మీద కూర్చుని చెప్పింది. బస్తాల నంబర్ల వాక్యం చదివి ఇంటర్వ్యూ చేసినాయన, తేమ లెక్క ఎందుకు పెట్టారని అడిగారట. "8, 12 చెప్పిన మేడం. ఇంగ్లిష్‌ల ఒకకాడ ఆగిన. 'ఆరబెట్టుడు' ఏమంటరో యాదికి రాలే. 'కీప్ ఇన్ సన్' అన్న. ఆయనకు సమజయింది." తర్వాత ఆయనే కాసేపు తెలుగులో మాట్లాడారట. వాళ్లదీ పత్తి పండించే ఊరే.

ఫిబ్రవరి 1

మేడారం జాతర జనవరి 28 నుంచి 31 దాకా. ఆ నాలుగు రోజులూ హనుమకొండ అంతా బస్సులు, జనం. క్లాసు పెట్టలేదు. తాడ్వాయి పిల్లగాడి ఊరు మేడారం తొవ్వ మీదే. ఇంటి ముందు కొబ్బరికాయలు, బెల్లం అమ్మే కొట్టు వేశారు. 29న వాడికి ఒక కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. హైదరాబాద్‌లో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం. అప్పటికప్పుడు ఇంటర్వ్యూ చేస్తామన్నారు. డప్పులు, మైకులు, సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. వాడు ఫోన్ పాఠంలో నేర్చుకున్న రెండో వాక్యం చెప్పాడు. లైన్ మధ్యలోనే కట్టయింది. మళ్లీ కలవలేదు.

రాత్రి పదకొండుకు ఊరి బయట గుట్ట ఎక్కి మెయిల్ పంపాడు. ఇవాళ నాకు చూపించాడు. ముందు నాకు చూపించకుండా పంపిన మొదటి మెయిల్ అది. తెలుగులో చెబితే ఇట్లా ఉంటుంది: "ఈరోజు మధ్యాహ్నం మీరు ఫోన్ చేసినప్పుడు లైన్ కట్ అయినందుకు క్షమించండి. మా ఊరి దగ్గర జాతర జరుగుతోంది, 31 దాకా నెట్‌వర్క్ సరిగ్గా ఉండదు. ఫిబ్రవరి 2 తర్వాత మీకు వీలైన ఏ సమయంలోనైనా మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నాను. ఆ అవకాశం ఇవ్వగలరా?" విషయం గడిలో వాడి పేరు, ఉద్యోగం పేరు, "ఇంటర్వ్యూ సమయం మార్పు కోసం" అని ఉంది. రెజ్యూమే జతచేశాడు. అందులో ప్లేస్ దగ్గర తాడ్వాయి అని ఉంది.

నిన్న మధ్యాహ్నం జవాబు వచ్చింది. ఫిబ్రవరి 3, ఉదయం 11 గంటలు. రేపు సాయంత్రం క్లాసులో వాడిని నాలుగుసార్లు మధ్యలో ఆపి ప్రశ్నలు అడగాలి. మంగళవారం ఉదయం స్టాఫ్‌రూమ్ పక్క గది ఖాళీగా ఉంటుందేమో కనుక్కోవాలి, అక్కడ సిగ్నల్ బాగుంటుంది.